బయాప్సీ రిపోర్టులో "కేంద్రకాలు పెద్దవయ్యాయి" అని రాశారు. ప్రొస్టేట్ క్యాన్సర్‌లో కేంద్రకం లోపలి ప్రొటీన్ల సంగతేంటి?

సన్నజాజి

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుకుని వెళ్ళిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పలేదు.

మా నాన్నగారికి 71 ఏళ్ళు. పీఎస్ఏ (ప్రొస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీన్‌ని రక్తంలో కొలిచే పరీక్ష) 7.8 వచ్చింది. ఎమ్మారై తీశారు, తర్వాత బయాప్సీ. రిపోర్టులో ప్రొస్టేట్ క్యాన్సర్, గ్లీసన్ 3+4=7 అని ఉంది. డాక్టరుగారు ఆ ఏడు గురించి మాత్రం చెప్పారు. కానీ కింద చిన్న అక్షరాల్లో ఇంకో నాలుగు లైన్లున్నాయి: కణాల కేంద్రకాలు పెద్దవయ్యాయి, కేంద్రకాంశాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, కొన్నిచోట్ల కేంద్రకపు అంచు వంకరగా ఉంది అని. వాటి గురించి అడిగేలోపు మా టైం అయిపోయింది.

మా తమ్ముడు రాత్రంతా నెట్‌లో కూర్చుని "కేంద్రకం లోపలి అస్థిపంజరమే మారిపోతుందట, అది మారితే పాకుతుందట" అని ఇల్లంతా టెన్షన్ పెట్టేశాడు. పైగా ఒక ల్యాబుకి ఫోన్ చేస్తే వాళ్ళ దగ్గర "న్యూక్లియర్ మ్యాట్రిక్స్ ప్రొటీన్ టెస్టు" ఉందన్నారట, మూత్రం ఇస్తే చాలన్నారట. చేయించేద్దాం అంటున్నాడు.

నా ప్రశ్నలు మూడు. కేంద్రకం మారిందంటే జబ్బు ముదిరినట్టా? గ్లీసన్ 7 అన్నది దాన్నిబట్టే వేశారా? ఆ టెస్టు చేయించాలా?

---

మైక్రోస్కోపు మామ

అమ్మా, నేను ముప్పై ఏళ్ళకు పైగా పాథాలజీలో పనిచేసి రిటైరయ్యాను. కళ్ళద్దాల నంబరు పెరిగింది గానీ స్లైడు చూసే సరదా పోలేదు. మీరడిగిన వరసలో కాకుండా రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, అక్కడే అందరూ పొరబడతారు.

గ్లీసన్ స్కోరుకీ కేంద్రకానికీ సంబంధమే లేదు. వినడానికి వింతగా ఉంటుంది, కానీ నిజం. 1966లో డోనాల్డ్ గ్లీసన్ ఈ పద్ధతి ప్రతిపాదించినప్పుడు చూసింది గ్రంథుల అమరికని మాత్రమే. గొట్టాలు విడివిడిగా, చక్కగా ఉన్నాయా? ఒకదానితో ఒకటి అతుక్కుపోయాయా? అసలు గొట్టమన్న ఆకారమే లేకుండా కణాలు చెల్లాచెదురయ్యాయా? ఇది చూడడానికి తక్కువ రెట్ల లెన్సు చాలు. కేంద్రకం ఎంత వికారంగా ఉన్నా దానికి మార్కులు వేయడంగానీ కోయడంగానీ ఉండదు. చాలా అవయవాల క్యాన్సర్లలో గ్రేడు వేసేటప్పుడు కేంద్రకాన్ని లెక్కలోకి తీసుకుంటాం. ప్రొస్టేట్ మాత్రం వేరు.

మరి ఆ నాలుగు లైన్లు ఎందుకు రాశారు? "ఇది క్యాన్సరే" అని తేల్చడానికి. ప్రొస్టేట్ బయాప్సీ అంటే సన్నటి దారం లాంటి ముక్క. అందులో అనుమానం కలిగించే గ్రంథులు పదో పన్నెండో ఉంటాయి. అవి మామూలువా కాదా అనడానికి మేం చూసేవి ప్రధానంగా మూడు: గ్రంథి చుట్టూ ఉండాల్సిన అడుగు కణాల వరస పోయిందా, గ్రంథులు చుట్టుపక్కల కణజాలంలోకి చొరబడ్డాయా, కేంద్రకాలు పెద్దవై లోపల కేంద్రకాంశం కొట్టొచ్చినట్టు కనిపిస్తోందా. మీ నాన్నగారి రిపోర్టులో ఉన్నది ఈ మూడోది. క్యాన్సర్ అన్న ప్రతి రిపోర్టులోనూ దాదాపు ఇదే వాక్యం ఉంటుంది. అది రోగ నిర్ధారణకి సాక్ష్యం. ముదిరిందని చెప్పే తీర్పు కాదు.

టెస్టు సంగతి తర్వాత. ముందు ఆ ల్యాబుని మూడు ముక్కలు అడగండి: ఏ ప్రొటీన్ కొలుస్తున్నారు? ఏ అవయవం క్యాన్సర్‌కి అనుమతి ఉంది? ఫలితం వచ్చాక దాన్నిబట్టి వైద్యంలో ఏం మారుతుంది?

---

తోకచుక్క

మామగారూ, మీ తరం వాళ్ళు కొత్తవాటిని అంత తేలిగ్గా తీసిపారేయకండి 🙂 నేను చదివాను, ఈపీసీఏ-2 అని ఒకటుంది. అది కేంద్రకపు మ్యాట్రిక్స్ ప్రొటీనే. 2007లో వచ్చిన పేపర్లో రక్తపరీక్షతో ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్ళలో 94 శాతం మందిని పట్టేసింది, లేనివాళ్ళలో 92 శాతం మందికి లేదని సరిగ్గా చెప్పింది. పీఎస్ఏ ఈ దరిదాపుల్లో కూడా లేదు. ఇంత మంచి టెస్టు ఉండగా ఇంకా ఆ పాత పీఎస్ఏ పట్టుకుని వేలాడడం ఎందుకు?

---

లామిన్ లలిత

తోకచుక్క గారూ, 2007 తర్వాత ఏమైందో కూడా చదవాల్సింది.

నేను కేంద్రకం యాంత్రిక ధర్మాల మీద పనిచేస్తాను, అంటే అది ఎంత గట్టిది, ఎంత వంగుతుంది, ఎక్కడ చిరుగుతుంది అన్నవి. డాక్టర్ని కాదు, కాబట్టి వైద్య సలహా ఇవ్వను.

మీరు చెప్పిన అంకెలు నిజంగానే ఆ పేపర్లో ఉన్నాయి. అప్పట్లో పెద్ద వార్త కూడా. కానీ ఆ ప్రొటీన్‌ని రక్తంలో కొలిచిన పద్ధతి మీదే వేరే శాస్త్రవేత్తలు గట్టి అనుమానాలు లేవనెత్తారు. ఆ టెస్టు రోజువారీ వైద్యంలోకి రాలేదు. ఒకే బృందం, ఒకే పద్ధతి, మెరిసే అంకెలు అంటే బయోమార్కర్ల (జబ్బుని పట్టిచ్చే గుర్తుల) ప్రపంచంలో సంబరపడే ముందు ఆగి చూడాల్సిన సందర్భం. నాకు ఇందులో కోపం లేదు, బాధే ఉంది. ఎందుకంటే దాని వెనకున్న అసలు ఆలోచన చాలా అందమైనది.

ఆ కథ 1974లో మొదలవుతుంది. జాన్స్ హాప్కిన్స్‌లో రొనాల్డ్ బెరెజ్నీ, డోనాల్డ్ కాఫీ ఎలుక కాలేయ కణాల కేంద్రకాలు తీసుకుని ఒక్కొక్కటే కడిగేశారు. డిటర్జెంట్‌తో పొర కొవ్వులు తీశారు, ఎంజైములతో డీఎన్ఏ ముక్కలు చేశారు, గాఢమైన ఉప్పునీటితో హిస్టోన్లు (డీఎన్ఏ చుట్టుకుని ఉండే ప్రొటీన్లు) లాగేశారు. ఇన్ని చేశాక కూడా కేంద్రకం ఆకారంలోనే ఏదో మిగిలింది! ప్రొటీన్లతో అల్లిన వలలాంటిది, కేంద్రకంలోని మొత్తం ప్రొటీన్లలో పదో వంతు ఉంటుంది. దానికే న్యూక్లియర్ మ్యాట్రిక్స్ అని పేరు పెట్టారు. కాఫీ ఉన్నది యూరాలజీ విభాగంలో, ఆయన ధ్యాసంతా ప్రొస్టేట్ మీద. దాంతో ఆ ప్రశ్న సహజంగానే వచ్చింది: క్యాన్సర్ కణంలో కేంద్రకం ఆకారం మారుతోందంటే, ఆ ఆకారాన్ని నిలబెట్టే ఈ వల మారిందా?

1993లో ఆ బృందమే మామూలు ప్రొస్టేట్, వయసుతో పెరిగే ప్రొస్టేట్, క్యాన్సర్ ప్రొస్టేట్ మూడింటి మ్యాట్రిక్స్ ప్రొటీన్లనీ పక్కపక్కన పరిచి చూసింది. చుక్కల ముగ్గులాంటి జెల్ పటాల మీద పోల్చారు. క్యాన్సర్ నమూనాల్లో కనిపించి మిగతా రెండింట్లో లేని ఒక చుక్కకి పీసీ-1 అని పేరు పెట్టారు. "క్యాన్సర్‌కి వేలిముద్ర దొరికింది" అన్న ఉత్సాహం అక్కడ మొదలైంది.

---

సన్నజాజి

మామగారూ, మీ మాటతో సగం ప్రాణం లేచొచ్చింది. తమ్ముడికి చదివి వినిపించాను. లలిత గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కానీ కేంద్రకం అంటే నాకు స్కూల్లో గీసిన గుండ్రటి బొమ్మ, మధ్యలో చుక్క, అంతే. అందులో అస్థిపంజరం ఏంటి? ఎవరైనా నాలాంటి వాళ్ళకి అర్థమయ్యేలా చెప్తారా?

---

బల్లమీద సుద్దముక్క

ఇది నా డ్యూటీ. (జీవశాస్త్రం టీచర్ని.)

అమ్మా, ఆ గుండ్రటి బొమ్మని ఫుట్‌బాల్ అనుకోండి. బయట తోలు ఉంటుంది. అది కేంద్రకపు పొర, నిజానికి రెండు పొరలు. తోలుకి లోపలివైపు ఆనుకుని దారాలతో అల్లిన జాలీ ఒకటి ఉందనుకోండి. ఆ దారాలే లామిన్లు. బంతి గుండ్రంగా ఉండడానికి, తన్నినా పగలకుండా తిరిగి ఆకారానికి రావడానికి ఈ జాలీయే కారణం. బంతి నిండా దారపు ఉండలు కూరి ఉన్నాయి, అదే డీఎన్ఏ. ఒక్కో కణంలో దాన్ని సాగదీస్తే దాదాపు రెండు మీటర్లు. బంతి వ్యాసమేమో మిల్లీమీటరులో వందో వంతుకి మించదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ ఉండలు ఎలా పడితే అలా కూరినవి కావు. కొన్ని చోట్ల జాలీకి ముడివేసి ఉంటాయి. సాధారణంగా జాలీకి అంటుకుని ఉన్న జన్యువులు నిద్రపోతుంటాయి, మధ్యలోకి వచ్చినవి మేలుకుని పనిచేస్తాయి. అంటే జాలీ చిరిగితే పాడయ్యేది ఆకారం ఒక్కటే కాదు, ఏ జన్యువు ఎక్కడ ఉండాలన్న సర్దుబాటు కూడా చెడుతుంది.

ఇక ఆ మధ్యలో చుక్క, కేంద్రకాంశం. అది రైబోజోములు తయారయ్యే కార్ఖానా. కణం వేగంగా పెరగాలంటే ప్రొటీన్లు కావాలి, ప్రొటీన్లకి రైబోజోములు కావాలి, కాబట్టి కార్ఖానా పెద్దదవుతుంది. ప్రొస్టేట్ క్యాన్సర్‌లో ఎమ్‌వైసీ అనే జన్యువు చాలాసార్లు అతిగా పనిచేస్తుంది, అది ఈ కార్ఖానాని ఉబ్బించే వాటిలో ముఖ్యమైనది. మీ రిపోర్టులో "స్పష్టంగా కనిపిస్తున్నాయి" అన్నది ఈ ఉబ్బిన కార్ఖానాల గురించే.

---

సందేహాల రాయుడు

టీచరుగారి బంతి బాగుంది. కానీ ఒక తేడా చెప్పకుండా వదిలేస్తే అన్యాయం. లోపలి అంచున ఉండే లామిన్ల జాలీ గురించి ఎవరికీ అనుమానం లేదు, మైక్రోస్కోపులో కనిపిస్తుంది. కానీ లలిత గారు చెప్పిన "మ్యాట్రిక్స్", అంటే కేంద్రకం లోపలంతా పరుచుకుని ఉన్న వల, బతికున్న కణంలో నిజంగా ఉందా? కణాన్ని డిటర్జెంట్‌లో నానబెట్టి, ఎంజైములతో కోసి, ఉప్పులో ఊరబెట్టాక మిగిలిన పిప్పిని చూసి "ఇదే అస్థిపంజరం" అంటే ఎలా? ఉప్పు వల్లే ప్రొటీన్లు గడ్డకట్టి వలలా కనిపించి ఉండొచ్చు కదా. ఈ వాదం యాభై ఏళ్ళుగా నడుస్తోంది.

---

లామిన్ లలిత

> ఉప్పు వల్లే ప్రొటీన్లు గడ్డకట్టి వలలా కనిపించి ఉండొచ్చు

రాయుడు గారూ, ఈ విషయంలో మీతో నేను పోట్లాడను. నా పని కూడా లామిన్ల మీదే గానీ లోపలి వల మీద కాదు, దానికి కారణమూ ఇదే. "మ్యాట్రిక్స్" అన్నది ఒక వస్తువు పేరు అనడంకన్నా "ఇలా కడిగితే మిగిలే ప్రొటీన్ల జాబితా" అనడం నిజాయితీ. కానీ ఆ జాబితా పనికిమాలినది మాత్రం కాదు. ఒకే పద్ధతిలో కడిగినప్పుడు మామూలు కణంలో ఒకటి, క్యాన్సర్ కణంలో ఇంకొకటి మిగిలితే ఆ తేడా తేడాయేగా.

ఇంకో సరదా విషయం చెప్తాను, మామగారు నవ్వుకుంటారు. ప్రొస్టేట్ క్యాన్సర్ మ్యాట్రిక్స్ ప్రొటీన్లని పట్టుకోవడానికి యాంటీబాడీలు తయారుచేశారు. అవి అంటుకుంటున్నది దేనికా అని చూస్తే, 1999లో తేలింది: న్యూక్లియోఫాస్మిన్ అనే ప్రొటీన్. అది ప్రధానంగా ఉండేది ఎక్కడో తెలుసా? కేంద్రకాంశంలో!

---

మైక్రోస్కోపు మామ

నవ్వుకోవడం కాదమ్మా, గట్టిగానే నవ్వాను. మా ఆవిడ వచ్చి ఏమైందని అడిగింది. అన్ని జెల్లులు, అన్ని యాంటీబాడీలు తిరిగి తిరిగి మళ్ళీ మేం రోజూ చూసే ఆ చుక్క దగ్గరికే వచ్చారన్నమాట. దానికి మేం వెండి నైట్రేట్‌తో రంగు వేసి చుక్కలు లెక్కపెట్టిన రోజులున్నాయి. కళ్ళు కాయలు కాసేవి.

కాఫీగారి పేరు ఎత్తారు కాబట్టి ఒకటి చెప్పాలి. 1982లో వాళ్ళ బృందమే ఒక పని చేసింది, అది నాకు ప్రొటీన్ల కథకన్నా ఇష్టం. క్యాన్సర్ కణాల కేంద్రకాల చుట్టూ గీత గీసి, అది వృత్తానికి ఎంత దగ్గరగా ఉందో కంప్యూటర్‌తో కొలిచారు. గుండ్రంగా ఉంటే ఒక అంకె, వంకరలు పోతే ఇంకో అంకె. జబ్బు తర్వాత పాకినవాళ్ళలో కేంద్రకాలు ఎక్కువ వంకరగా ఉన్నాయని చూపించారు. గ్లీసన్ పక్కన పెట్టేసిన కేంద్రకాన్ని వీళ్ళు మళ్ళీ లోపలికి తీసుకొచ్చారు. కానీ ఎవరికుంది ఓపిక? ఒక్కో స్లైడులో వందల కేంద్రకాల చుట్టూ చేత్తో గీతలు గీయాలి. ఆ పద్ధతి ల్యాబుల్లోకి రాలేదు. ఇప్పుడు స్లైడుని స్కాన్ చేసి సాఫ్ట్‌వేర్ ఆ పని క్షణాల్లో చేస్తుంది. ప్రొస్టేట్ స్లైడులు చూసే ఒక కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌కి 2021లో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది. అది లోపల గ్రంథులు చూస్తోందో కేంద్రకాలు చూస్తోందో మనకి చెప్పదు, అదే నాకు మింగుడుపడదు.

---

ఆరేళ్ళ బాటసారి

నమస్కారమండీ. నాకు ఆరేళ్ళ క్రితం ఆపరేషన్ అయింది, గ్లీసన్ 4+3. ప్రస్తుతం బాగానే ఉన్నాను. సన్నజాజి గారూ, 3+4 అంటే గ్రేడు గ్రూపు 2. నాది గ్రూపు 3. ముందు అంకె ఎక్కువగా ఉన్న గ్రంథుల అమరిక రకం, కాబట్టి ఇద్దరిదీ మొత్తం ఏడే అయినా ఒకటి కాదు. ఇది నాకు తెలియడానికి నాలుగు నెలలు పట్టింది, అందుకే చెప్తున్నాను. నాన్నగారి బయాప్సీలో 4 రకం ఎంత శాతం ఉందో రిపోర్టులో చూడండి, వైద్యమా, ముందు గమనిస్తూ ఉండడమా అన్న మాట వచ్చినప్పుడు దాన్ని అడుగుతారు.

లలిత గారికి ఒక ప్రశ్న. లామిన్ ఆకారాన్ని నిలబెడుతుందన్నారు. క్యాన్సర్‌లో అది తగ్గితే కణం మెత్తబడి సందుల్లోంచి జారిపోతుందా? నాది ఎముకలకి పాకుతుందేమో అన్న భయం ఇప్పటికీ ఉంది, అందుకే అడుగుతున్నాను. నా రిపోర్టులో లామిన్ అన్న మాటే లేదు.

---

లామిన్ లలిత

బాటసారి గారూ, రిపోర్టులో లేకపోవడం లోపం కాదు. ఎక్కడా రాయరు, వైద్యంలో వాడే మార్కర్ కాదది.

మీరడిగింది ఈ రంగం మొత్తంలో నాకు ఇష్టమైన ప్రశ్న, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

లామిన్లు రెండు రకాలు. ఎల్‌ఎమ్‌ఎన్‌ఏ అనే ఒకే జన్యువు నుంచి లామిన్ ఎ, సి రెండూ వస్తాయి. బి1, బి2 లకి విడివిడి జన్యువులున్నాయి. మోటుగా చెప్పాలంటే ఎ రకం గట్టితనం ఇస్తుంది, బి రకం సాగి మళ్ళీ యథాస్థితికి వచ్చే గుణం ఇస్తుంది. మెదడులాంటి మెత్తని కణజాలంలో ఎ తక్కువ, ఎముకలాంటి గట్టిచోట ఎక్కువ. 2013లో ఈ లెక్క చాలా అందంగా తేలింది. మన రక్తంలో న్యూట్రోఫిల్ అనే తెల్లకణం ఉంది, దానికి లామిన్ ఎ చాలా తక్కువ, కేంద్రకం తమ్మెలు తమ్మెలుగా ఉంటుంది. అందుకే ఎంత ఇరుకు సందులోంచైనా దూరి ఇన్ఫెక్షన్ దగ్గరికి వెళ్తుంది. కణం మిగతా భాగం ఎంతైనా సాగుతుంది, ఇరుక్కునేది కేంద్రకమే.

కాబట్టి మీరన్నట్టు "లామిన్ తగ్గితే జారిపోతుంది" అన్నది తర్కానికి నిలుస్తుంది. కానీ ప్రొస్టేట్ క్యాన్సర్ మన తర్కం వినదు. కొన్ని అధ్యయనాల్లో ఎక్కువ గ్రేడు కణితుల్లో, ముఖ్యంగా చుట్టుపక్కలకి చొచ్చుకుపోతున్న అంచుల్లో లామిన్ ఎ/సి పెరిగి కనిపించింది, దాన్ని తగ్గిస్తే ల్యాబులో కణాల ఎదుగుదల, కదలిక మందగించాయి. ఇంకొన్నింటిలో లామిన్ ఎ తగ్గినవాళ్ళకే జబ్బు దూకుడుగా ఉంది.

---

తోకచుక్క

అంటే పెరిగిందా తగ్గిందా? ఒకటి తేల్చండి మేడం. ఇలా అయితే మామూలు మనిషి ఏం నమ్మాలి?

---

లామిన్ లలిత

రెండూ. తప్పించుకోవడానికి అనడం లేదు, కారణం ఉంది. చాలా మెత్తగా ఉంటే కేంద్రకం సందులో దూరుతుంది గానీ చిరుగుతుంది. 2016లో రెండు బృందాలు దీన్ని కళ్ళారా చూపించాయి: ఇరుకు సందులోంచి దూరుతున్నప్పుడు కేంద్రకపు పొర పగులుతుంది, లోపలిది బయటికి చిమ్ముతుంది, డీఎన్ఏ దెబ్బతింటుంది, కాసేపటికి కణం ఆ చిరుగుని కుట్టేసుకుంటుంది. ఎక్కువసార్లు చిరిగితే కణమే చస్తుంది. మరీ గట్టిగా ఉంటే అసలు దూరదు. కాబట్టి ప్రయాణంలో ఏ దశలో ఉన్న కణాన్ని చూశామన్న దాన్నిబట్టి జవాబు మారుతుంది. కణితి మధ్యలోదా, అంచుదా, రక్తంలో తిరుగుతున్నదా, ఎముకలో స్థిరపడినదా? ముక్క ఎక్కడ తీశారో చూడకుండా "పెరిగింది, తగ్గింది" అనడం అర్థం లేని పని.

మొత్తం ఎంత ఉంది అన్నదానికన్నా ఎక్కడ లేదు అన్నది నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. 2012లో ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల్లో చూశారు: జాలీ మొత్తం పల్చబడలేదు, అక్కడక్కడా లామిన్ బి లేని ఖాళీలు ఏర్పడ్డాయి. అక్కడ కేంద్రకం బుడగలా బయటికి ఉబ్బుతుంది. ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పుతో ముడిపడిన క్రోమోజోము భాగాలు ఆ బుడగల్లో ఉండడం, అక్కడి జన్యువుల పని మందగించడం కూడా గమనించారు. 2018లో ఇంకో పని వచ్చింది, ఎమెరిన్ మీద. అది పొరనీ లామిన్ జాలీనీ కలిపి పట్టుకునే ప్రొటీన్. ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల్లో దాన్ని తగ్గిస్తే కేంద్రకం ఆకారం నిలవలేదు, ఎలుకల్లో జబ్బు పాకడం పెరిగింది.

బాటసారి గారూ, ఇవన్నీ కణాలు ఎలా పాకుతాయో చెప్పే సంగతులు. మీది పాకుతుందా లేదా అని చెప్పేవి కావు. ఆ పని మీ పీఎస్ఏ ఫాలో అప్ చేస్తుంది. ఆపరేషన్ అయ్యాక దానంత నిక్కచ్చిగా చెప్పేది ఇంకొకటి లేదు.

---

ఆరేళ్ళ బాటసారి

చాలా థాంక్స్ అమ్మా. చివరి రెండు వాక్యాలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

---

బల్లమీద సుద్దముక్క

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కేంద్రకం నిర్మాణానికీ ప్రొస్టేట్‌కీ ఉన్న లింకు పగుళ్ళతో ఆగిపోదు.

పురుష హార్మోను వచ్చి దాని రిసెప్టర్‌ని తట్టగానే ప్రొస్టేట్ కణంలో జన్యువులు పనిలోకి దిగుతాయి. పీఎస్ఏ కూడా అలా తయారయ్యేదే. ఈ సెక్స్ హార్మోన్లు మ్యాట్రిక్స్‌కి అంటుకుంటాయని కాఫీ ల్యాబు 1980లోనే చూపించింది. దూరంగా ఉన్న డీఎన్ఏ మెలికల్ని దగ్గరికి చేర్చేటప్పుడు చిక్కు పడుతుంది కదా, ఆ చిక్కు విప్పడానికి టోపోఐసోమరేజ్ 2 అనే ప్రొటీన్ డీఎన్ఏని రెండు పోగులూ కోసి, ఒకదాన్ని దాటించి, మళ్ళీ అతికిస్తుంది. ఇది కూడా ఆ "కడిగినా పోని" ప్రొటీన్ల జాబితాలోదే.

ఎప్పుడో ఒకసారి ఆ అతుకు తప్పుగా పడుతుంది. 21వ క్రోమోజోము మీద టీఎమ్‌పీఆర్‌ఎస్‌ఎస్2, ఈఆర్‌జీ అని రెండు జన్యువులు, మధ్యలో దాదాపు 30 లక్షల అక్షరాల దూరం. ఆ రెండూ అతుక్కుపోతాయి. దాంతో హార్మోను వచ్చినప్పుడల్లా ఈఆర్‌జీ నిద్ర లేస్తుంది. 2005లో ఈ అతుకుని కనిపెట్టారు. ఐరోపా మూలాలున్న రోగుల్లో దాదాపు సగం మందిలో ఉంటుంది, ఆసియా వాళ్ళలో తక్కువ. 2010లో ఆ కోతకి హార్మోనూ ఈ టోపోఐసోమరేజూ కలిసి కారణమని హాప్కిన్స్ వాళ్ళే చూపించారు. నా పిల్లలకి చెప్తే "మాస్టారూ, కుట్టుమిషన్ వేలు కుట్టేసినట్టా?" అన్నాడొకడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

---

సందేహాల రాయుడు

కుట్టుమిషన్ పోలికకి నా ఓటు. పైన లోపలి వల లేదని వాదించినవాణ్ణే అయినా, ఈ టోపోఐసోమరేజ్ పని మాత్రం నికరం. వల ఉందా లేదా అన్న గొడవ లేకుండానే నిలబడే ఫలితం ఇది.

---

సన్నజాజి

అప్‌డేట్ ఇవ్వడానికి వచ్చాను. ఆలస్యమైంది, క్షమించండి.

మామగారు చెప్పిన మూడు ప్రశ్నలూ కాగితం మీద రాసుకుని ఆ ల్యాబుకి నేనే ఫోన్ చేశాను. మొదటి ప్రశ్నకి "మ్యాట్రిక్స్ ప్రొటీనండీ" అన్నారు. ఏ మ్యాట్రిక్స్ ప్రొటీన్ అన్నాను. లైన్లో ఉండమని ఎవర్నో అడిగొచ్చి "ఎన్‌ఎమ్‌పీ 22" అన్నారు. ఏ క్యాన్సర్‌కి అంటే "కేంద్రకం ఉన్న ఏ క్యాన్సర్‌కైనా" అన్నారు! మూడో ప్రశ్న దాకా వెళ్ళలేదు. ఇది ఏంటి?

---

మైక్రోస్కోపు మామ

కేంద్రకం ఉన్న ఏ క్యాన్సర్‌కైనా! ఈ వాక్యం ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకోవాలి.

అమ్మా, ఎన్‌ఎమ్‌పీ 22 అన్నది మూత్రాశయం క్యాన్సర్‌కి. ప్రొస్టేట్‌కి కాదు. 1996లో అమెరికాలో దానికి అనుమతి ఇచ్చింది మూత్రాశయ క్యాన్సర్ మళ్ళీ వచ్చిందా అని గమనించడానికి. అక్కడా మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, రాళ్ళున్నా తప్పుగా పాజిటివ్ రావచ్చు, అందుకే గొట్టం వేసి చూసే పరీక్షకి బదులుగా దాన్ని వాడరు. ప్రొస్టేట్ పెరిగి మూత్రం ఆగుతూ ఇన్ఫెక్షన్ వచ్చిన పెద్దాయనకి ఆ టెస్టు చేస్తే ఏమవుతుందో ఊహించండి. పాజిటివ్ వస్తుంది, మీ తమ్ముడు ఇంకో వారం నిద్రపోడు.

---

లామిన్ లలిత

దీనికి ఒక్క మాట చేరుస్తాను. ఎన్‌ఎమ్‌పీ 22 అసలు పేరు నూమా. కణం మామూలుగా ఉన్నప్పుడు కేంద్రకమంతా ఉంటుంది, విభజన సమయంలో మాత్రం రెండు కొసలకీ వెళ్ళి క్రోమోజోముల్ని పంచే దారాలకి ఆధారంగా నిలుస్తుంది. చచ్చిపోతున్న కణాల్లోంచి బయటపడుతుంది. మూత్రాశయం గోడలోంచి రాలిన కణాలు నేరుగా మూత్రంలోకే పడతాయి కాబట్టి అక్కడ కొలవగలుగుతున్నారు. మ్యాట్రిక్స్ ప్రొటీన్లన్నిటిలో నిజంగా ల్యాబు గడప దాటి రోగి దాకా వచ్చింది ఇదే, అదీ ప్రొస్టేట్ వదిలేసి పక్కింటికి.

---

తోకచుక్క

సరే, ఒప్పుకుంటున్నాను, ఈపీసీఏ-2 మీద నా ఉత్సాహం కొంచెం తగ్గించుకున్నాను. కొంచెమే. పీఎస్ఏ మీద నా చిరాకు మాత్రం అలాగే ఉంది.

---

మైక్రోస్కోపు మామ

ఆ చిరాకులో నీకు తోడు నేనున్నాను నాయనా.

---

సన్నజాజి

ల్యాబు వాళ్ళకి వద్దని చెప్పేశాం. తమ్ముడే చెప్పాడు, కొంచెం గట్టిగానే.

నిన్న డాక్టరుగారిని మళ్ళీ కలిశాం. బాటసారి గారు చెప్పినట్టు 4 రకం ఎంత శాతం అని అడిగాను. పది శాతం లోపేనట. ఆ ప్రశ్న అడగగానే ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని ఇరవై నిమిషాలు మాట్లాడారు! ఇంకో పాథాలజిస్టుతో స్లైడులు ఒకసారి చూపించి, అప్పుడు గమనిస్తూ ఉండడమా, రేడియేషనా అన్నది నిర్ణయిద్దామన్నారు. నాన్నగారు కూడా ప్రశాంతంగానే ఉన్నారు. ఈ చర్చంతా ఆయనకి చదివి వినిపించాను. ఫుట్‌బాల్, కుట్టుమిషన్ దగ్గర రెండుసార్లు ఆపించారు. చివర్లో "అయితే నా కేంద్రకాలు నేను చూడొచ్చా?" అని అడిగారు. మామగారూ, అలా అడిగితే చూపిస్తారా?

---

మైక్రోస్కోపు మామ

ఎందుకు చూపించరు? రెండో అభిప్రాయానికి స్లైడులు ఎలాగూ తీసుకెళ్తారు. అక్కడి పాథాలజిస్టుని ఒక ఫోటో తీసివ్వమని అడగండి. 40 లెన్సు మీద తీయమనండి, 10 మీద కాదు. 10 మీద గ్రంథులే కనిపిస్తాయి. 40 మీదైతే నీలం-ఊదా గుండ్రాల మధ్యలో ముదురు గులాబీ చుక్క కనిపిస్తుంది, అదే టీచరుగారి కార్ఖానా. పక్కనే ఒక మామూలు గ్రంథి కూడా ఫ్రేములోకి వచ్చేలా తీయమనండి, అప్పుడే తేడా తెలుస్తుంది. ఫోటో వస్తే ఇక్కడ పెట్టండి, పేరూ నంబరూ కొట్టేసి.

---

బల్లమీద సుద్దముక్క

పెడితే నా క్లాసులో చూపించుకోవచ్చా అని నాన్నగారిని అడగండమ్మా.

---

సన్నజాజి

అడిగాను. "పిల్లల్ని బాగా చదువుకోమని చెప్పు" అన్నారు. అంటే సరేనని.